ఒహాయోలో సర్వల్ పిల్లిని పెంచుకోవచ్చా?

కిరణ్, డబ్లిన్:
మా తమ్ముడు వచ్చే నెల టెక్సాస్ నుంచి కొలంబస్‌కి మారుతున్నాడు. రీల్స్ చూసి చూసి, సర్వల్ పిల్లని కొనాల్సిందేనని పట్టుబట్టాడు. ఆఫ్రికా అడవి పిల్లి, ఒంటి నిండా చుక్కలు, పొడుగు కాళ్ళు. ఫెడరల్ చట్టం దీనికి అడ్డం రాదని, అడ్వాన్స్ పంపితే కాగితాల సంగతి తానే చూసుకుంటానని అమ్మేవాడు అంటున్నాడట. ఇక్కడ ఒహాయోలో పర్మిట్ ఇస్తారా? నాకు టెన్షన్‌గా ఉంది.

పద్మ, రేనాల్డ్స్‌బర్గ్:
కిరణ్ గారూ, ముందు ఆ అడ్వాన్స్ ఆపించండి. 2022 నాటి ఫెడరల్ చట్టం పులి, సింహం, చిరుత లాంటి పెద్ద పిల్లుల గురించి. సర్వల్ అందులో లేని మాట నిజమే. కానీ ఒహాయో చట్టం ప్రమాదకర జంతువుల జాబితాలో సర్వల్ ఉంది. ఇంట్లో పెంచుకోవడానికి కొత్తగా తెచ్చుకోవడం కుదరదు. 2012లో చట్టం వచ్చేనాటికే పెంచుతున్నవాళ్ళకి మాత్రం రిజిస్ట్రేషన్, మైక్రోచిప్, ఇన్సూరెన్స్, పర్మిట్ అని షరతులు పెట్టి ఉంచుకోనిచ్చారు.

ఇంత గట్టిగా ఎందుకంటే, 2011 అక్టోబర్ 18. అప్పట్లో మావారు ఉద్యోగానికి ఐ-70 మీద జేన్స్‌విల్ వెళ్ళొచ్చేవారు. ఆ రాత్రి హైవే బోర్డుల మీద అడవి జంతువులున్నాయి, కారు దిగొద్దని వెలిగింది. ఆయన ఇల్లు చేరేదాకా నేను ఫోన్ వదల్లేదు. అక్కడొక ఫారం యజమాని తన 56 జంతువుల్లో 50 దాకా బోనుల్లోంచి వదిలేసి, తనని తాను కాల్చుకున్నాడు. చీకటి పడుతోంది, చుట్టుపక్కల ఇళ్ళు. పోలీసులు వాటిని కాల్చేయాల్సి వచ్చింది. మత్తు సూది తగలగానే జంతువు పడిపోదు. ఒక పులికి సూది వేస్తే అది వేసిన డాక్టరమ్మ మీదికే లేచింది, కాల్చక తప్పలేదు. చచ్చినవాటిలో 18 బెంగాల్ పులులు, 17 సింహాలు. పోలీసుల్ని చాలామంది తిట్టారు. నా కోపం మాత్రం అన్ని పులుల్ని ఒక మనిషి చేతిలో పెట్టి ఊరుకున్న ప్రభుత్వం మీద. ఆ ఏడాది జనవరిలో దిగిపోతున్న గవర్నర్ ఇలాంటి జంతువుల మీద ఒక అత్యవసర నిషేధం తెచ్చారు, కొత్త గవర్నర్ ఏప్రిల్‌లో దాన్ని కొనసాగించకుండా వదిలేశారు.

వంశీ, డేటన్:
ఒకడు చేసినదానికి జాగ్రత్తగా పెంచేవాళ్ళందరికీ శిక్షా అండీ? ఆ ఇన్సూరెన్స్ ఖర్చు, కంచెల ఖర్చు భరించలేక ఎంతమంది వదులుకున్నారో.

పద్మ, రేనాల్డ్స్‌బర్గ్:
వంశీ గారూ, వాళ్ళు కోర్టుకి కూడా వెళ్ళారు. 2014లో అప్పీల్స్ కోర్టు చట్టం సరైనదేనంది. జాగ్రత్తపరులు లేరని నేననను. కానీ వాళ్ళు జబ్బు పడతారు, అప్పుల పాలవుతారు, పోతారు. కంచె అవతల పిల్లలు ఆడుకుంటుంటే, ఆ ఇంటాయన మంచివాడన్న భరోసా ఒక్కటే సరిపోదు.

సర్వల్ చిన్నదే కదా అనుకోకండి. 2023లో సిన్సినాటిలో ఒకటి కారులోంచి దూకి చెట్టెక్కింది. దించేటప్పుడు కాలు విరిగింది. పరీక్ష చేస్తే ఒంట్లో కొకైన్ బయటపడింది. తర్వాత దాన్ని అక్కడి జూకి ఇచ్చారు. పెంచుకోవడమంటే దానికి దక్కింది ఇదీ.

కిరణ్, డబ్లిన్:
థాంక్సండీ. టెక్సాస్‌లోనే కొని కారులో తెచ్చుకుంటే ఎవరికి తెలుస్తుందంటున్నాడు.

పద్మ, రేనాల్డ్స్‌బర్గ్:
ఎక్కడ కొన్నా ఇక్కడికి తెస్తే తప్పే. పట్టుకుంటే జంతువునీ లాక్కుంటారు. ఈ చట్టం చూసే వ్యవసాయ శాఖ ఆఫీసు మా ఊళ్ళోనే ఉంది. సోమవారం మీ తమ్ముడి చేతే ఫోన్ చేయించండి, వాళ్ళ నోటితోనే విననివ్వండి.