నిన్న మూడోసారి అక్వేరియం పొర్లింది. మీరెలా నింపుతారు?

ప్రశ్న:

నాది మూడడుగుల తొట్టి. 90 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. వారానికోసారి మూడో వంతు నీళ్లు తీసేసి, కుళాయికి పైపు తగిలించి నింపుతాను. నిన్న ఇంకో మూడు నాలుగు వేళ్ల ఎత్తు నిండాలి అనుకుంటుండగా ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి అద్దం మీద పల్చగా నీటి పొర జారుతోంది. చప్పుడే లేదండీ, అదే అన్నిటికన్నా ఘోరం. నీళ్లన్నీ స్టాండులోకి దిగాయి. ప్లైవుడ్ ఉబ్బి తలుపు మూసుకోవడం లేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీదే ఉంది, తడి దానికి జానెడు దూరంలో ఆగింది. తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్.

అలారం పెట్టుకోమని మాత్రం చెప్పకండి. పెట్టాను. మోగితే ఆపేసి మాటల్లో పడ్డాను. బాల్ వాల్వ్ (నీళ్లు నిండగానే బంతి తేలి కుళాయి ధార ఆపేసేది) పెడితే సరిపోతుందా?

జవాబు 1:

సరిపోతుంది, నేను పెట్టాను. కాకపోతే ఒకసారి బంతి పక్కన నత్త ఇరుక్కుని వాల్వ్ మూసుకోలేదు. అప్పటినుంచి దాన్ని నమ్మి పక్క గదిలోకి వెళ్లడం మానేశాను.

జవాబు 2:

మీ తొట్టిలో ఒక సెంటీమీటరు ఎత్తు అంటే సుమారు 4 లీటర్లు. 20 లీటర్ల బకెట్ పెట్టి మీ కుళాయి ఎంతసేపట్లో నింపుతుందో చూడండి. మా ఇంట్లో రెండు నిమిషాలు, అంటే 24 సెకన్లకో సెంటీమీటరు. మీరు ఫోన్ ఎత్తినప్పుడు 5 సెం.మీ. ఖాళీ ఉందనుకున్నా రెండే నిమిషాలు. ఏ ఫోనూ రెండు నిమిషాల్లో అవదు!

నా మాట వినండి, కుళాయినీ తొట్టినీ అసలు కలపకండి. కుళాయిలో నీళ్లు అయిపోవు, డ్రమ్ములో అయిపోతాయి. 60 లీటర్ల డ్రమ్ము ఒకటి తొట్టి కింద నేల మీద పెట్టండి. తీసిన నీళ్లు అందులోకే దించి, ఎక్కడిదాకా వచ్చాయో బయట గీత పెట్టండి. ఆ నీళ్లు మొక్కలకు పోసి, డ్రమ్ము కడిగి, మళ్లీ అదే గీత దాకా మంచినీళ్లు పట్టండి. యాంటీ క్లోరిన్ (కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు) అందులోనే కలిపి, చిన్న పంపుతో పైకి ఎక్కించండి. తీసినంతే పోస్తున్నారు, మీరు నిద్రపోయినా పొర్లదు. పంపు ఖాళీగా తిరిగితే పాడవుతుంది, అంతే నష్టం.

ఒక్క జాగ్రత్త. పైపు కొస నీళ్లలో మునగనివ్వకండి, అంచుకు పైన క్లిప్పు పెట్టండి. మునిగి ఉంటే పంపు ఆపగానే తొట్టిలో నీళ్లు వెనక్కి డ్రమ్ములోకి వచ్చేస్తాయి.

ప్రశ్న వేసినవారు:

బాగుందండీ. కానీ నా సంగతి మీకు తెలీదు. తీసేటప్పుడు మరచిపోతే డ్రమ్ము పొర్లుతుంది కదా?

జవాబు 2:

😀 దానికీ ఉంది. తీసే పైపు మూతి అడుగుదాకా వేయకండి. నీటి మట్టానికి 13 సెం.మీ. కిందే ఉండేలా అద్దానికి బిగించండి. మట్టం అక్కడికి దిగగానే పైపులోకి గాలి వెళ్లి దానంతటదే ఆగిపోతుంది. 13 సెం.మీ. అంటే 53 లీటర్లు, మీ డ్రమ్ములో పట్టేస్తాయి. అడుగున చెత్త లాగాలంటే అది వేరుగా, ఒక బకెట్‌తో, పక్కనే నిలబడి.

జవాబు 3:

ముందు ఆ బోర్డు గోడకెక్కించండి. తొట్టి నుంచి వచ్చే ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపులోనే కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. చెయ్యి నీళ్లలో పెట్టేముందు స్విచ్చులు ఆపండి.

ప్రశ్న వేసినవారు:

నాలుగు వారాలైంది. డ్రమ్ము మీద గోళ్ల రంగుతో గీత గీశాను, తడిచినా చెరగలేదు. మొన్న నింపేటప్పుడు మళ్లీ ఫోన్ వచ్చింది, పావుగంట మాట్లాడాను. వచ్చి చూస్తే డ్రమ్ములో పంపు గరగరమంటోంది, తొట్టి మామూలుగానే ఉంది. అడుగున రెండు వేళ్ల నీళ్లు పంపు లాగదు, అవి మగ్గుతో పోస్తున్నాను. ఉబ్బిన తలుపు మాత్రం ఇంకా మూసుకోవడం లేదు.