పాట, గిటార్ కలిపి రికార్డ్ చేయడానికి ఏ ఆడియో ఇంటర్‌ఫేస్ మంచిది?

ఇంట్లో గిటార్ వాయిస్తూ పాడి, రెండింటినీ ఒకేసారి వేర్వేరు ట్రాకుల్లో రికార్డ్ చేయాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరం, మోటు ఎం2... మైక్, గిటార్‌లను కంప్యూటర్‌కి కలిపే ఈ రెండు ఇంటర్‌ఫేస్‌ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

నా మైక్ షూర్ ఎస్ఎం7బి. డైనమిక్ మైక్ కాబట్టి ఇంటర్‌ఫేస్ నుంచి మైక్‌కి అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అక్కర్లేదు గానీ, గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచడం) మాత్రం 60 డీబీ (డెసిబెల్స్) దాకా అడుగుతుంది. పైగా నాది మెత్తటి గొంతు. ఇప్పుడున్న పాత ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పితే, చరణాల మధ్య ఊపిరి తీసుకునే చోటల్లా 'స్‌స్‌' అని హిస్ వినిపిస్తోంది. ఎంత బాగా పాడినా ఆ టేక్ వాడాలనిపించదు. స్కార్లెట్‌కి 69 డీబీ, ఎం2కి 60 డీబీ గెయిన్ ఉందంటున్నారు. ఎం2 తీసుకుంటే విడిగా బూస్టర్ కొనక తప్పదా?

ఇంకోటి, నాకు హెడ్‌ఫోన్స్‌లో గొంతుకి రివర్బ్ (ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) కలిపి వింటూ పాడితేనే శ్రుతి నిలుస్తుంది. డైరెక్ట్ మానిటరింగ్‌లో (కంప్యూటర్‌లోకి వెళ్లకుండా ఇంటర్‌ఫేస్ నుంచే వినడం) ఎఫెక్ట్ లేని గొంతే వినిపిస్తుంది కదా, అందుకని సాఫ్ట్‌వేర్ నుంచే వినాలి. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిల్స్ పెడితే ఒకవైపుకే దాదాపు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం. రానూపోనూ కలిపి ఆలస్యం తెలియకుండా, చిటపటలు రాకుండా విండోస్‌లో ఏ డ్రైవర్ నిలకడగా పనిచేస్తుంది? ఇలాంటి మైక్‌తో వీటిలో ఏదైనా వాడినవాళ్లు దయచేసి చెప్పండి.