రెండు రొయ్యల పంటలు పోయాయి. దేవుని మీద ఆధారపడటం అంటే మళ్లీ సీడ్ (రొయ్య పిల్లలు) వేయడమా, మానేయడమా?

చెరువుగట్టు:

అందరికీ వందనాలు. మాది భీమవరం వైపు. నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తున్నాను. పోయిన ఏడాది రెండో పంట 41వ రోజున వైట్ స్పాట్ (తెల్ల మచ్చల వైరస్ రోగం) తగిలి పోయింది. ఈ ఏడాది మొదటి పంట 36వ రోజున పోయింది.

ఆ రోజు పొద్దున్నే, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తాను. రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది. ట్రే మూలన ఒక రొయ్య ఉంది, ముట్టుకున్నా ఎగరలేదు. తల మీది డొప్ప ఒలిచి వెలుతురుకి పెట్టి చూస్తే తెల్ల చుక్కలు, సున్నం చిలకరించినట్టు. గట్టు వారన ఇంకో పదో పదిహేనో తేలి ఉన్నాయి. ఇక అక్కడే కూలబడ్డాను. నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, వాటితోపాటు కరెంటు మీటరు కూడా.

చేయాల్సినవేవీ నేను వదల్లేదండీ. చెరువు ఎండగట్టాను, నీళ్లకి బ్లీచింగ్ వేశాను, సీడ్‌లో వైరస్ ఉందేమోనని పీసీఆర్ టెస్టు చేయించాను, పీతలు రాకుండా చుట్టూ వల, పక్షులకి పైన దారాలు. మా పక్క చెరువాయన వీటిలో సగం కూడా చేయలేదు, ఆయనకి 50 కౌంటుకి (కిలోకి 50 రొయ్యలు) పట్టుబడి వచ్చింది. ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పాడు. నేనూ చప్పట్లు కొట్టాను, ఎలా కొట్టానో నాకే తెలుసు.

ఇప్పుడు మేత డీలరుకి బాకీ, లీజు బాకీ, బంగారం బ్యాంకులో. సంఘంలో ఒకాయనేమో "నువ్వు టెస్టుల మీద, లెక్కల మీద నమ్మకం పెట్టుకున్నావు, అందుకే దేవుడు నీ చెయ్యి ఖాళీ చేశాడు" అన్నాడు. ఇంకొకాయన "విశ్వాసంతో మూడో పంట వెయ్యి బ్రదర్, ఈసారి చూడు" అంటున్నాడు. మా ఆవిడ ఏమీ అనట్లేదు, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక అనే వాక్యం నాకు సండే స్కూలు నుంచీ నోటికి వచ్చు. సామెతలు 3:5. స్వబుద్ధి అంటే ఏంటసలు? పీసీఆర్ టెస్టు స్వబుద్ధేనా? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానం కార్డు యెషయా 41:10, భయపడకుము నేను నీకు తోడైయున్నాను. మోటారు షెడ్డులో స్విచ్ బోర్డు పక్కన అంటించాను. ఇప్పుడు మోటారు వేయడానికి వెళ్లినప్పుడల్లా దాన్ని చూస్తే కోపం వస్తోంది. ఎవరైనా ఇలాంటి పరిస్థితి దాటి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. ఊరికే వాక్యం పంపకండి, వాక్యాలు నా దగ్గరా ఉన్నాయి.

ఆక్వా తమ్ముడు:

అన్నా, ముందు రొయ్యల సంగతి. వైట్ స్పాట్‌కి మందు లేదు, అది నీకూ తెలుసు. నువ్వు చేసినవన్నీ చేసినా వస్తుంది, ఎందుకంటే కాలవ ఒకటే, పైన ఎవరో చచ్చిన చెరువు నీళ్లు రాత్రికి రాత్రి వదిలేస్తే నీ దాకా వస్తుంది. పక్కాయనకి రాకపోవడం ఆయన భక్తి కాదు, నీకు రావడం నీ పాపం కాదు. నువ్వు మాత్రం రోగం తగిలిన నీళ్లు బ్లీచింగ్ చేయకుండా కాలవలోకి వదలకు. కింద ఇంకొకడు ఉంటాడు, వాడికీ పెళ్లాం పిల్లలు ఉంటారు.

ఇక మూడో పంట. అప్పు తెచ్చి, అదే చెరువులో, చలికాలం ముందు, "దేవుడు చూసుకుంటాడు" అని వేస్తే దాన్ని విశ్వాసం అంటారని నేను అనుకోను. యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నది సాతాను, మత్తయి 4లో చూడు. వాడు కూడా వాక్యమే చూపించాడు, 91వ కీర్తన. ప్రభువు దూకలేదు.

విశ్వాసి_77:

పై సహోదరుడితో నేను ఏకీభవించను. యుద్ధానికి గిద్యోను దగ్గర 32,000 మంది సైనికులు ఉంటే దేవుడు 300 మందికి తగ్గించాడు, ఎందుకంటే మా చేతులే మమ్మల్ని రక్షించాయని వాళ్లు అతిశయపడకూడదని. ఆసా రాజు పాదాల్లో జబ్బు వస్తే వైద్యుల్ని నమ్ముకుని చచ్చిపోయాడు, 2 దినవృత్తాంతములు 16. మనిషి లెక్కలు అయిపోయిన చోటే దేవుడి పని మొదలవుతుంది. బ్రదర్, ఒక మూడు రోజులు ఉపవాసం ఉండి అడుగు వెయ్యి.

ఆక్వా తమ్ముడు:

గిద్యోను తనంతట తాను సైన్యాన్ని తగ్గించుకోలేదు కదా అన్నా. దేవుడు చెప్పాడు, తగ్గించాడు. ఈయనకి సీడ్ వేయమని ఎవరు చెప్పారు? మీరా?

నర్సమ్మ (రిటైర్డ్):

విశ్వాసి బాబూ, ఆసా గురించి ఒక్క మాట. ఆ వచనంలో తప్పు వైద్యుల దగ్గరికి వెళ్లడం కాదు, యెహోవా దగ్గరికి వెళ్లకపోవడం. హిజ్కియా రాజుకి పుండు లేచినప్పుడు యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. నేను 31 ఏళ్లు వార్డుల్లో తిరిగాను, ప్రార్థన చేస్తూనే సెలైన్ ఎక్కించాను. రెండిట్లో ఏది పనిచేసిందని ఎవరైనా అడిగితే నవ్వొచ్చేది.

చెరువుగట్టు బాబూ, ఊరికే వాక్యం పంపకండి అన్నావు, సరే. కానీ ఒక్కటి చెప్పనివ్వు. 2 కొరింథీ మొదటి అధ్యాయంలో పౌలు ఆసియలో తనకొచ్చిన కష్టం చెప్తాడు. అది ఏం కష్టమో చెప్పడు, బతుకుతామన్న ఆశే పోయింది అంటాడు. పౌలంటే మామూలు మనిషా? ఆయనే అలా రాశాడు, దాచుకోలేదు. మమ్మల్ని మేము నమ్ముకోకుండా దేవుణ్ణి నమ్ముకోవాలని అలా జరిగింది అంటాడు. అయితే అక్కడ దేవుణ్ణి ఏమని పిలిచాడో చూడు: మృతులను లేపు దేవుడు. చావు రాకుండా అడ్డుపడే దేవుడు అనలేదు. నాకు ఆ తేడా అర్థం కావడానికి మా ఆయన పోవాల్సి వచ్చింది.

ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు డయాలసిస్‌లు. క్రియాటినిన్ ఎంతుందో రిపోర్టు చూడగానే నాకు అర్థమయ్యేది, పిల్లలకి మాత్రం "బాగానే ఉంది, తగ్గుతోంది" అని చెప్పేదాన్ని. రిపోర్టులు బీరువాలో చీరల కింద దాచేదాన్ని. నేను నర్సుని కదా, నేనే చూసుకుంటాను అని. పైకి ప్రార్థన చేస్తున్నాను, లోపల మాత్రం మొత్తం నా చేతుల్లోనే పట్టుకుని కూర్చున్నాను. ఒకరోజు మా పెద్దది చీర కోసం బీరువా తీసి ఆ కాగితాలన్నీ చూసింది. అరవలేదు. కింద కూర్చుని ఒక్కొక్కటి తేదీ ప్రకారం పేర్చింది. ఆ రాత్రి ముగ్గురం కలిసి ప్రార్థన చేశాం, ఆ ఇంట్లో అబద్ధం లేకుండా చేసిన మొదటి ప్రార్థన అదే. ఆయన ఇంకో ఐదు నెలలు ఉన్నారు, తర్వాత వెళ్లిపోయారు. నేను అడిగినట్టు జరగలేదు. సాక్ష్యం చెప్పమంటే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలీదు నాకు.

అందుకని టెస్టుల సంగతి పక్కన పెట్టి నిన్ను ఒకటి అడుగుతాను. మీ ఆవిడ ఏమీ అనట్లేదన్నావు. అప్పు మొత్తం ఎంతో ఆ అమ్మాయికి తెలుసా?

చెరువుగట్టు:

తెలీదండీ. బంగారం సంగతి తెలుసు. డీలరు బాకీ సగమే చెప్పాను. వడ్డీకి తెచ్చింది అసలు చెప్పలేదు. పట్టుబడి రాగానే తీర్చేస్తాను కదా, అనవసరంగా కంగారు పెట్టడం ఎందుకని.

నర్సమ్మ (రిటైర్డ్):

స్వబుద్ధి ఏంటని అడిగావు కదా బాబూ. నాకైతే పీసీఆర్ టెస్టు కన్నా ఇదే స్వబుద్ధిలా కనిపిస్తోంది. కోప్పడకు.

ఒంగోలువాడు:

చర్చ బాగుంది, నాదీ ఒక మాట. మా ఊళ్లో ప్రేయర్ మీటింగ్ హిల్ అని ఒక కొండ ఉంది, బాప్టిస్టులందరికీ తెలిసిందే. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు, మొత్తం ఐదుగురు దానిమీద మోకాళ్లూని ఒంగోలుకి ఒక మనిషిని పంపమని అడిగారు. మూసేద్దామా అని అమెరికాలో చర్చలు నడిచిన మిషన్ అది. వాళ్లు అడిగిన ఆ మనిషి, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్లు. ఈ పన్నెండేళ్ల సంగతి మన కన్వెన్షన్లలో ఎవరూ చెప్పరు, ప్రార్థన చేశారు జవాబు వచ్చింది అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు.

1876లో ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. క్లౌ ఇక్కడికి రాకముందు అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. కరువు వచ్చినప్పుడు ఆయన ప్రార్థన ఒక్కటే చేసి ఊరుకోలేదు, బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కొలతలు, కూలి లెక్కలు, గంపలు, పలుగులు, మేస్త్రీలుగా తన బోధకులు. జనానికి కూలి దొరికింది, పొయ్యి వెలిగింది. తనకి తెలిసిన పని మొత్తం చేశాడు, ఆక్వా తమ్ముడు చెప్పినట్టే. కానీ నన్ను ఆపేది ఇంకొకటి. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతుంటే ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారన్న మాట పడకూడదని కరువు సాయం అయ్యేదాకా ఆపేశాడు. మిషనరీకి బాప్తిస్మాల లెక్క కన్నా పెద్ద లెక్క ఏముంటుంది? చేతికొచ్చిన ఆ లెక్కని వదులుకున్నాడు. వాళ్లు మళ్లీ వస్తారో రారో ఆయనకేం తెలుసు?

వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మాకు చిన్నప్పటి నుంచీ బట్టీ. కానీ చెరువుగట్టు అన్నా, నీకు ఇది చెప్తున్నది చివర్లో 2,222 వస్తుందని కాదు. కాలవ మట్టి మోస్తూ కరువులో పోయినవాళ్లకి ఆ రోజు రాలేదు. వాళ్లలోనూ ప్రార్థన చేసినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల గురించి ఏం చెప్పాలో తెలియకే మనం ఎప్పుడూ ఆ అంకె దగ్గర ఆగిపోతాం అనిపిస్తుంది నాకు.

కాకినాడ_బోటు:

నేను ఎక్కువ రాయలేను. మా నాన్న బోటు మీద పనిచేశాడు. ఆయనకి అపొస్తలుల కార్యములు 27 అంటే ఇష్టం. దేవదూత చెప్పాడు, ఎవరి ప్రాణమూ పోదని పౌలు ఓడలో అందరికీ చెప్పేశాడు. తర్వాత నావికులు పడవ దించుకుని పారిపోతుంటే అదే పౌలు "వీళ్లు ఓడలో లేకపోతే మీరు బతకరు" అన్నాడు. 276 మంది ఉన్నారు ఆ ఓడలో. దేవుడు మాట ఇచ్చాక కూడా తెడ్డు తెలిసినవాడు ఉండాల్సిందే అనేవాడు నాన్న. సరే, ఓడ మాత్రం పగిలిపోయింది. చెక్కలు పట్టుకుని ఒడ్డుకి వచ్చారు. ఓడ దక్కుతుందని మాత్రం పౌలు ఎప్పుడూ చెప్పలేదు.

విశ్వాసి_77:

అందరికీ వందనాలు. నేను మూడో పంట వేయమన్నది తొందరపడి అన్నానేమో. కానీ కార్డు మీద కోపం పెట్టుకోకు బ్రదర్. అది ఒక్కటే అడుగుతున్నా.

చెరువుగట్టు:

నాలుగు రోజులు ఇటు రాలేదు, క్షమించండి.

మొన్న రాత్రి మా ఆవిడకి మొత్తం చెప్పాను. అన్నం తినేశాక, పిల్లలు పడుకున్నాక. నేను మొదలుపెట్టగానే లేచి లోపలికి వెళ్లింది, ఏడవడానికేమో అనుకున్నాను. చీటీల లెక్క రాసుకునే పుస్తకం తెచ్చింది. వెనక పేజీలో డీలరు బాకీ రాసి ఉంది, నేను చెప్పిన సగం కాదు, మొత్తం. వాళ్ల గుమస్తా కుర్రాడు రెండు నెలల కిందటే ఇంటికి వచ్చి అడిగి వెళ్లాడట. వడ్డీ అప్పు ఒక్కటే తనకి తెలీదు. అది కూడా రాసుకుంది, పెన్ను ఆగిపోతే పిల్లాడి పెన్సిలు తీసుకుని. "ఎందుకు అడగలేదు" అన్నాను. "మీరు చెప్తారని చూస్తున్నా" అంది.

నర్సమ్మగారూ, కోపం రాలేదండీ మీ మీద. మొదట వచ్చింది, ఒక అరగంట.

ప్రార్థన పెద్దగా ఏం చేయలేదు. యెహోషాపాతు రాజు ప్రార్థన తనే గుర్తు చేసింది, ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు. అంతే అన్నాం, లైటు తీసేశాం. చాలా రోజుల తర్వాత పడుకోగానే నిద్ర పట్టింది. పొద్దున లేచేసరికి అప్పు ఎంత ఉందో అంతే ఉంది, అది వేరే సంగతి.

ఈసారి పంట వేయట్లేదు. సోమవారం ఇద్దరం కలిసి డీలరు దగ్గరికి వెళ్లి నెలకి ఇంతని కట్టుకుంటామని అడుగుతాం. ఒప్పుకుంటాడో లేదో చూడాలి, మనిషి మాట కరుకు. చెరువు ఓనరుకి లీజు వదులుతానని ఫోన్ చేశాను, అడ్వాన్సు సంగతి తర్వాత మాట్లాడదాం అన్నాడు, అంటే రాదనే. పక్క చెరువాయన దగ్గర రాత్రిపూట మనిషి కావాలని విన్నాను, చెక్ ట్రేలు చూడటానికి, ఏరేటర్లు మార్చడానికి. వెళ్లి అడగడానికి రెండు రోజులు మనసు ఒప్పలేదు. నిన్న అడిగాను. ఆయన సాక్ష్యం గురించి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "మీ వల కట్టే పద్ధతి మా చెరువుకి కూడా చెప్పండి, పీతల బాధ ఎక్కువగా ఉంది" అన్నాడు.

ఈ రాత్రి నుంచి డ్యూటీ. కార్డు ఇంకా మా షెడ్డులోనే ఉంది, స్విచ్ బోర్డు పక్కన. గమ్ముతో అంటించాను, ఊడదీస్తే చిరిగేలా ఉంది. చూడాలి.