గది వేడిలో పనిచేసే సూపర్‌కండక్టర్ కోసం ఇంకా వెతకాలా, ఉన్నవాటితో తీగలు చేసుకోవాలా?

నిరోధం_సున్నా:
2023లో ఒకే ఏడాది రెండుసార్లు మనల్ని ఊరించి ఉసూరుమనిపించారు. నత్రజని కలిపిన లుటీషియం హైడ్రైడ్ (లోహంలో హైడ్రోజన్ కలిసిన పదార్థం) 294 కెల్విన్ దగ్గరే, అంటే సుమారు 21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే, సూపర్‌కండక్టర్ అయిందని, అంటే నిరోధమే లేకుండా కరెంటు పారిందని, మార్చిలో ‘నేచర్’లో పేపర్ వచ్చింది. నవంబరుకల్లా దాన్ని వెనక్కి తీసుకున్నారు. మధ్యలో, జులైలో, గది వేడిలోనే పనిచేస్తుందని కొరియా వాళ్లు చెప్పిన ఎల్‌కే-99 అనే పదార్థం. నిరోధం ధబేల్న పడిపోయిందన్న ఆ గ్రాఫు, లోపల కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ నిర్వాకమని చివరికి తేలింది. జర్మనీలో మలినం లేని స్ఫటికం పెంచి చూస్తే అది కరెంటే పారని బంధకం!

వేట ఆపమనను గానీ, దాని మీద ఇంత మోజు దండగంటాను. 1987లో దొరికిన వైబీసీఓ (ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థం) 93 కెల్విన్ దగ్గరే నిరోధం వదిలేస్తుంది. ద్రవ నత్రజని మరిగేది 77 దగ్గర. అంటే ఖరీదైన హీలియం అక్కర్లేని చల్లదనం చాలు. అయినా దాన్ని తీగలా వాడే కిలోమీటరు పొడవు టేపుగా తీసుకురావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. రేపు గది వేడిలో పనిచేసేది దొరికినా ఇదే కథ. డబ్బూ మనుషులూ తీగల తయారీ వైపు మళ్లాలి. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

ల్యాబ్_పిల్ల:
నేను ఒప్పుకోను. నిలబడని పేపర్లనీ నిలబడ్డ పనినీ ఒకే గాటన కట్టేస్తున్నారు మీరు. 2015లో జర్మనీలోని మైంజ్ బృందం హైడ్రోజన్ సల్ఫైడ్‌ను దాదాపు 15 లక్షల వాతావరణాల పీడనంతో నొక్కి 203 కెల్విన్ సాధించింది. ఆ తర్వాత లాంథనం హైడ్రైడ్‌తో 250. ఈ రెండోది ముందు కంప్యూటర్ లెక్కల్లో కనబడింది, ఆ తర్వాతే, అంత పీడనం కోసం నొక్కే రెండు వజ్రాల మధ్య పుట్టింది. గుడ్డిగా వెతికే రోజులు పోయాయి.

మెగ్నీషియం డైబోరైడ్ సంగతి ఇంకా విచిత్రం. దశాబ్దాలుగా రసాయనాల సీసాల్లో దొరుకుతున్న పొడే అది. 39 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని 2001 దాకా ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్ వాళ్లు, కణాలను ఢీకొట్టించే తమ భారీ యంత్రం ఎల్‌హెచ్‌సీ కొత్త దశ కోసం దాంతోనే కేబుళ్లు చేయించారు. ఎవరూ కొలవకపోతే అది ఇప్పటికీ సీసాలోనే ఉండేది.

కొత్తగా_వచ్చా:
చిన్న డౌటండీ, తిట్టకండి. గది వేడిలో పనిచేసేది దొరికితే క్వాంటమ్ కంప్యూటర్లకి ఆ పెద్ద ఫ్రిజ్‌లు అక్కర్లేదు కదా?

ల్యాబ్_పిల్ల:
తిట్టేదేముందండీ, చాలామంది అలాగే అనుకుంటారు. కానీ ఫ్రిజ్ ఉండాల్సిందే. ఆ చిప్‌లలో వాడే అల్యూమినియం 1.2 కెల్విన్ దగ్గరే నిరోధం వదిలేస్తుంది, అయినా చిప్‌ను 0.02 దాకా దించుతారు. క్యూబిట్ (0, 1లను దాచే క్వాంటమ్ బిట్) పనిచేసేది 5 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో. ఆ శక్తిని ఉష్ణోగ్రతలోకి మారిస్తే 0.24 కెల్విన్. అంతకంటే బాగా చల్లగా లేకపోతే చుట్టూ ఉన్న వేడే క్యూబిట్‌ను 0 నుంచి 1కి తన్నేస్తుంది. ఏ పదార్థంతో చేసినా ఈ లెక్క మారదు.

టేపు_చుట్ట:
ఈ వైబీసీఓ రకం టేపుతో కాయిల్స్ చుట్టడం నా పని, అందుకని రెండు ముక్కలు. టేపంతా సూపర్‌కండక్టరే అనుకుంటారు జనం. 50 మైక్రాన్ల నికెల్ మిశ్రలోహపు పట్టీ మీద అసలు సరుకు ఒకటో రెండో మైక్రాన్లు, అంతే. అదేమో పింగాణీ జాతి, ఎక్కువ వంచితే పగులుతుంది. పైగా స్ఫటికపు రేణువులన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉండాలి. పక్కపక్క రేణువులు పది డిగ్రీలు పెడగా ఉన్నాయా, ఆ సరిహద్దు దాటే కరెంటు ఘోరంగా పడిపోతుంది. ఆ ఇరవై ఏళ్లూ పోయింది వాటిని వరసలో నిలబెట్టడానికే.

ఇంకోటి. 2021లో ఎంఐటీ, ఫ్యూజన్ (కేంద్రక సంలీనం) కంపెనీ కామన్వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ కలిసి ఈ టేపుతో 20 టెస్లాల అయస్కాంతం చేశాయి కదా, దాన్ని నడిపింది 77 దగ్గర కాదు, 20 కెల్విన్ దగ్గర. అంత బలమైన క్షేత్రంలో అంత కరెంటు మోయాలంటే అంత కిందికి దిగాల్సిందే.

నిరోధం_సున్నా:
అన్నా, నేను మొత్తుకునేది అదే. అందరం ఉష్ణోగ్రత ఒక్కటే పట్టుకుని ఊగుతాం. క్షేత్రం ఎంత తట్టుకుంటుంది, చదరపు మిల్లీమీటరుకి ఎంత కరెంటు మోస్తుంది అన్నవి వార్తల్లోకే రావు.

ల్యాబ్_పిల్ల:
ఒక్క నిమిషం. ఆ వాదన మీకే ఎదురు తిరుగుతోంది. 93 దగ్గర మొదలయ్యేది 20కి దిగితే బలం పుంజుకుంటోంది. ఆ లెక్కన 300 దగ్గర మొదలయ్యేదాన్ని నత్రజనిలో ముంచితే సరిపోవచ్చు. వెతకడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నిరోధం_సున్నా:
సరే, ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. గంటసేపు ఆలోచించి రాస్తున్నా. మరి పాదరసం క్యూప్రేట్ సంగతేంటి? (క్యూప్రేట్లంటే వైబీసీఓ లాంటి రాగి ఆక్సైడ్ పదార్థాలు.) 1993లోనే 130 కెల్విన్ దాటింది. అయినా ఫ్యూజన్ వాళ్లు చుట్టింది 93 దాన్నే. పాదరసం విషమన్న మాట అటుంచండి, అందులో పొరకీ పొరకీ మధ్య పట్టు తక్కువ. అయస్కాంత క్షేత్రం సుడులు సుడులుగా లోపలికి చొరబడుతుంది, ఆ సుడులు కదిలితే చాలు, నిరోధం మళ్లీ తలెత్తుతుంది. మొదలయ్యే ఉష్ణోగ్రత పెరిగినంత మాత్రాన ఒరిగేదేం లేదు.

టేపు_చుట్ట:
సుడుల్ని మేకులు కొట్టి ఆపడం నేర్చుకున్నాం లెండి. బేరియం జిర్కోనేట్ నానో కడ్డీలను టేపులో కావాలనే పెంచేది అందుకే. లోపం పెడితే బాగా పనిచేసే సరుకు ఇదొక్కటే చూశాను నేను.

ల్యాబ్_పిల్ల:
హైడ్రైడ్లలో క్యూప్రేట్ల పొరల గోల లేదు, పీడనమే అడ్డు. దాన్ని తప్పించే దారులు లేకపోలేదు. హైడ్రైడ్ కాకపోయినా లాంథనం నికెలేట్ (నికెల్ ఆక్సైడ్ జాతి) చూడండి. 2023లో 80 కెల్విన్ రావడానికి 1,40,000 వాతావరణాలు కావాల్సొచ్చింది. 2024 చివర్లో దాన్నే పలుచటి పొరగా, పరమాణువుల మధ్య దూరం కాస్త తక్కువున్న వేరే స్ఫటికం మీద పెంచారు. బయటి నుంచి ఏమీ నొక్కకుండానే 40 కెల్విన్ దాటింది. నొక్కే పని కింది స్ఫటికమే చేసింది.

నిరోధం_సున్నా:
80 కాస్తా 40కి పడింది, చూశారా.

ల్యాబ్_పిల్ల:
చూశాను. లక్షా నలభై వేలు ఒకటికి పడింది, అది మీరు చూడండి.