డెంగ్యూ వచ్చినా మా వీధికి పొగ మిషన్ పంపలేదు. వీళ్ల పని ఏమిటి?

పెరటిమల్లి:
మాది గోదావరి జిల్లాలో ఒక మున్సిపాలిటీ. మా అబ్బాయికి జ్వరం వస్తే ప్రైవేటు ల్యాబులో చూపించాం, డెంగ్యూ అన్నారు. వాడికి తగ్గింది. ఇప్పుడు ఎదురింటి పాపకీ జ్వరం, నాకు టెన్షన్‌గా ఉంది. ఫాగింగ్ చేయించండి అని ఫోన్ చేస్తే ఏఎన్ఎం (ఆరోగ్యశాఖ నర్సు) వచ్చి నీళ్ల డ్రమ్ముల మూతలు తీసి టార్చి వేసి చూసి వెళ్లింది. జ్వరాలు వచ్చాక డ్రమ్ములు చూస్తే ఏం లాభం?

పాత మలేరియా ఉద్యోగి:
అమ్మా, నేను హెల్త్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ఆమె చేసిందే అసలు పని. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, అదీ తగిలితేనే. డెంగ్యూ దోమ ఇంట్లో మంచాల కింద, వేలాడే బట్టల వెనక దాక్కుంటుంది. నీళ్లలోని పురుగుకైతే పొగతో ఏమీ కాదు, వారం పది రోజుల్లో దోమై లేస్తుంది.

ఈ దోమకు మురికి కాలువ అక్కర్లేదు, మనం పట్టి ఉంచిన మంచినీళ్లు చాలు. నీటి అంచుకు కాస్త పైన డ్రమ్ము గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు పారబోసినా అవి అక్కడే ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు పట్టగానే పురుగులవుతాయి. కాబట్టి శుక్రవారం డ్రై డే, అంటే వారానికోసారి నీళ్ల పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, ఊరికే ఒంపేసి వదిలేయడం కాదు, కొబ్బరిపీచుతో లోపలి గోడలు గట్టిగా రుద్దాలి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, డాబా మీద పాత టైర్లు కూడా చూడండి.

బాబు రిపోర్టు ఏఎన్ఎంకు చేరిందా? ప్రైవేటు ఆసుపత్రులు కూడా డెంగ్యూ కేసును ఆరోగ్యశాఖకు తెలపాలి. ఆ కబురు అందితేనే చుట్టుపక్కల జ్వరాల సర్వే చేస్తారు, ఇళ్ల లోపల పైరెత్రమ్ అనే దోమల మందు కొడతారు. వీధిలో పొగ కన్నా అది అడగండి.

ఆశ కార్యకర్త:
సార్ చెప్పింది నిజం అక్కా. మేం సర్వేకి వెళ్తే చాలామంది గేటు దగ్గర్నుంచే పంపించేస్తారు, మమ్మల్ని పెరట్లోకి రానివ్వండి. పాపను ఇవాళే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లమనండి. జ్వరం మొదలైన మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా అనే డెంగ్యూ రక్తపరీక్ష చేస్తారు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటివి వెయ్యొద్దు. జ్వరం తగ్గిందని ఊరుకోవద్దు, ప్రమాదం వచ్చేది అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం కనబడితే అర్ధరాత్రయినా వెళ్లాలి.

పెరటిమల్లి:
రిపోర్టు ఏఎన్ఎంకు వాట్సాప్‌లో పంపాను, రేపు మా లైనంతా చూస్తామన్నారు. పాపను ఆసుపత్రికి తీసుకెళ్లారు. పక్క ఖాళీ స్థలంలో తాగి పడేసిన కొబ్బరి బొండాలు గుట్టగా ఉన్నాయి, ఓనరు ఊళ్లో లేడు. అవి ఎవరు తీయిస్తారండీ?

పాత మలేరియా ఉద్యోగి:
మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండమ్మా, ఫోన్‌తో సరిపెట్టొద్దు. ఓనరుకు నోటీసు ఇవ్వాల్సింది వాళ్లే. వాళ్లు వచ్చేలోపు నలుగురూ కలిసి బొండాల్లో నీళ్లు ఒంపేసి బోర్లించండి.