బన్యన్ యాత్రికుడికీ క్వేకర్ల యాత్రికుడికీ తేడా ఎవరైనా వివరిస్తారా?

అందరికీ నమస్తే అండి. యాత్రికుని ప్రయాణము మన తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి తెలిసిందే కదా, జాన్ బన్యన్ 1678లో తెచ్చిన పుస్తకం. ఈమధ్య అలాంటిదే ఇంకోటి చదివాను, ఇంగ్లండ్‌లో కోల్చెస్టర్‌కి చెందిన క్వేకర్ (ప్రతి మనిషి లోపలా క్రీస్తు వెలుగు ఉంటుందని నమ్మే క్రైస్తవ శాఖవాడు) స్టీఫెన్ క్రిస్ప్ రాసిన బబులోను నుంచి బేతేలు ప్రయాణం, ఆయన 1692లో పోయాక 1711లో అచ్చయింది, చిన్నదే గానీ నన్ను వదలట్లేదు.

బన్యన్ కథలో సిలువ దగ్గర భారం పడిపోతుంది, అయినా పోరాటం చివరిదాకా ఉంటుంది, చావు అనే నది దాటాకే పట్టణం. క్రిస్ప్ దాంట్లో మాత్రం దారి చూపిస్తామన్న మనుషుల వల్ల పని కాదు, ఒక వెలుగు వెనకాల నడిచి బతికుండగానే దేవుని ఇంటికి చేరతాడు. ఇది నాకు చాలా పెద్ద తేడా అనిపిస్తోంది!

ఈ జన్మలోనే పాపం నుంచి విడుదల సాధ్యమని క్వేకర్ పండితుడు రాబర్ట్ బార్క్లే 1676లోనే వాదించాడు, ఆ లోపలి వెలుగు మన మనస్సాక్షి కాదు, క్రీస్తుదే అని కూడా అన్నాడు. మరి విశ్వాసం ద్వారానే నీతిమంతులమవుతాం అనే ప్రొటెస్టెంట్ సంస్కర్తలు లూథర్, కాల్విన్ మాటకి క్వేకర్లు ఎదురు వెళ్తున్నట్టా, లేక దాన్నే ఇంకా ముందుకి తీసుకెళ్తున్నట్టా? 1656లోనే బన్యన్‌కీ క్వేకర్ ఎడ్వర్డ్ బరోకీ పుస్తకాల్లో పెద్ద గొడవ జరిగింది, అందులో సిలువ గురించి ఎవరేమన్నారో చదివినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, ముందు ఏది చదవాలో కూడా.