సొంతంగా చేస్తున్న ఆటోమేటిక్ కాఫీ మెషిన్: ఒత్తిడి పెరగగానే పిస్టన్ కిందికి జారుతోంది

శ్రావ్య_మెక్
అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఒక ఆటోమేటిక్ ఎస్ప్రెస్సో మెషిన్ తయారు చేస్తున్నాను. గ్రైండర్, పంపు, థర్మోబ్లాక్ (నీళ్లని వేడిచేసే దిమ్మ) పాత మెషిన్లలోంచి తీసినవి. బ్రూ యూనిట్, అంటే పొడిని నొక్కి దానిగుండా వేడినీళ్లు పంపే భాగం మాత్రం నా సొంత డిజైన్. సిలిండర్ లోపలి వ్యాసం 36 మి.మీ. పైన కదలని మూత, అందులో జల్లెడ. కింద పిస్టన్. దాన్ని లీడ్ స్క్రూ (తిరిగితే నట్టుని ముందుకీ వెనక్కీ జరిపే మర కడ్డీ) ఎక్కిస్తుంది, దించుతుంది. స్క్రూని గేర్ మోటార్ తిప్పుతుంది.

పొడి పడటం, పిస్టన్ దాన్ని నొక్కడం బాగానే జరుగుతున్నాయి. పంపు నడిచి ఒత్తిడి 6 బార్ దాటిందంటే పిస్టన్ మెల్లగా కిందికి జారిపోతోంది. ఒక కప్పు దిగేసరికి 3 మి.మీ. జారుతుంది. పొడి గడ్డ వదులైపోయి నీళ్లు అంచులనుంచి దారి చేసుకుంటున్నాయి, డికాషన్ పల్చగా వస్తోంది. జారకుండా మోటారుకి కరెంటు ఇస్తూనే ఉంటే అది వేడెక్కి కాలిన వాసన వచ్చింది. ఇంకా పెద్ద మోటార్ పెట్టాలా?

గేర్‌బాక్స్_మావయ్య
మోటార్ జోలికి వెళ్లకండి అమ్మా, ముందు లెక్క చూద్దాం. 36 మి.మీ. వ్యాసానికి వైశాల్యం సుమారు 1018 చదరపు మి.మీ. ఎస్ప్రెస్సోకి మామూలుగా వాడే ఒత్తిడి 9 బార్, అంటే చదరపు మి.మీ.కి 0.9 న్యూటన్. రెండూ గుణిస్తే 916 న్యూటన్లు, అంటే దగ్గర దగ్గర 93 కిలోల బరువు. ఒక భారీ మనిషి మీ పిస్టన్ మీదకి ఎక్కి, కప్పు నిండేదాకా దిగకుండా నిలబడినట్టు. అదే 58 మి.మీ. వ్యాసం పెట్టి ఉంటే 240 కిలోలు దాటేది. ఇళ్లలో వాడే ఆటోమేటిక్ మెషిన్లలో సిలిండర్ సన్నగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

ఇంత బరువుని మోటారుతో మోయించకూడదు. 1948లో ఇటలీ కంపెనీ గాజియా చేత్తో పిడి లాగే లివర్ మెషిన్లు వచ్చినప్పుడు నీళ్లని తోసేది స్ప్రింగ్ ఉన్న పిస్టనే. 1961లో ఫేమా కంపెనీ ఇ61 మెషిన్ వచ్చాక ఆ పని పంపు తీసుకుంది. మీ మెషిన్లోనూ తోసేది పంపే కాబట్టి, పొడిని నొక్కాక పిస్టన్ ఉన్నచోట నిలబడితే చాలు. మోటారుకి కరెంటు తీసేసినా అది కదలకూడదు. అది స్క్రూ మర చేయాల్సిన పని.

మీ స్క్రూ ఏది? ఒక్క చుట్టుకి ఎంత జరుగుతుంది?

శ్రావ్య_మెక్
3డి ప్రింటర్లలో వాడేది మావయ్యగారూ. 8 మి.మీ. లావు, ఒక్క చుట్టుకి 8 మి.మీ. జరుగుతుంది. త్వరగా ఎక్కి దిగుతుందని అదే పెట్టాను.

గేర్‌బాక్స్_మావయ్య
దొరికింది. అది నాలుగు స్టార్టుల మర, అంటే నాలుగు గాళ్లు పక్కపక్కనే చుట్టుకుని ఉంటాయి. మర మీద వాలు సుమారు 20 డిగ్రీలు వస్తుంది. ఇత్తడి నట్టుకి, స్టీలు స్క్రూకి మధ్య ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే 8.5 డిగ్రీల లోపు వాలు ఉంటేనే స్క్రూ తనంతట తాను బిగుసుకుని ఉంటుంది. మీది ఆ హద్దు దాటి చాలా దూరం వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ 6 బార్ దాకా ఆపింది గేర్‌బాక్స్‌లోని రాపిడి మాత్రమే.

12 మి.మీ. లావు, 3 మి.మీ. పిచ్ (పక్కపక్క మర చుట్ల మధ్య దూరం), ఒకే స్టార్టు ఉన్న ట్రాపిజాయిడల్ స్క్రూ (మర పళ్లు ట్రపీజియం ఆకారంలో ఉండేది) పెట్టండి. వాలు 5 డిగ్రీల చిల్లర. నెమ్మదిగా ఎక్కుతుంది, ఫర్వాలేదు. ఇంకోటి, స్క్రూ మీద పడే బరువు మోటార్ షాఫ్ట్ మీదకి వెళ్లకూడదు. మధ్యలో థ్రస్ట్ బేరింగ్ (స్క్రూ పొడవు దిశలో పడే తోపుని మోసే బేరింగ్) తప్పనిసరి.

పాతమెషిన్ల_రిపేర్
మావయ్యగారి మాటకి ఒకటి కలుపుతాను. హద్దుకి దగ్గరగా డిజైన్ చేయకండి. ఇలాంటి మెషిన్లలో ఉండే వైబ్రేషన్ పంపు (చిన్న ముక్క ముందుకీ వెనక్కీ అదురుతూ నీళ్లని తోసేది) సెకనుకి 50 లేదా 60 సార్లు కొడుతుంది. ఆ అదురుకి మరలో పట్టు తగ్గుతుంది. బల్ల మీద బరువు పెట్టి చూస్తే జారని స్క్రూ, పంపు నడిచేటప్పుడు సన్నగా జారడం నా కళ్లతో చూశాను. గ్రీజు ఎక్కువైనా అంతే.

నిధి_డిజైన్
నేను స్క్రూ మానేసి రెండు లింకులతో మోకాలు లాంటి మెకానిజం చేశాను. కాలు నిటారుగా పెట్టి నిలబడితే కండరానికి పెద్దగా శ్రమ ఉండదు కదా, అలాగే లింకులు రెండూ ఒకే గీతలోకి వచ్చి ఇంకాస్త ముందుకెళ్లి ఆగుతాయి. ఎంత ఒత్తిడి వచ్చినా తిరగబడవు. దాంతో చాలా మురిసిపోయాను.

చిక్కు తర్వాత తెలిసింది. పిస్టన్ ఎప్పుడూ ఒకే ఎత్తుకి వచ్చి ఆగుతుంది. 10 గ్రాముల పొడికి సరిపోయేలా పెడితే, 7 గ్రాములకి పైన ఖాళీ మిగిలిపోతోంది. పైమూతకి స్ప్రింగ్ పెట్టి సర్దాల్సి వచ్చింది. స్క్రూకి ఆ బాధ లేదు. పొడి ఎంత ఉంటే అంతవరకూ వెళ్లి, మోటార్ కరెంటు పెరగగానే ఆగుతుంది. అక్కడ పిస్టన్ ఎత్తు చూసి పొడి ఎంత పడిందో కూడా అంచనా వేయొచ్చు. మళ్లీ మొదలుపెడితే నేనూ స్క్రూనే ఎంచుకుంటాను.

కప్పులో_నురగ
సీలు సంగతి ఎవరూ ఎత్తలేదు. పిస్టన్ చుట్టూ నీళ్లు కారకుండా ఆపే ఓ-రింగ్ ఈపీడీఎం అనే రకం రబ్బరు అయితే పెట్రోలియం జెల్లీ అస్సలు రాయొద్దు. నేను రాసి రింగు ఉబ్బి, పిస్టన్ సగంలో ఇరుక్కుపోయింది. ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి.

పాతమెషిన్ల_రిపేర్
శ్రావ్యగారూ, గ్రైండర్ నుంచి పొడి పడే గొట్టం నేరుగా సిలిండర్ మీదే ఉందా? అలా ఉంటే కప్పు అయ్యాక లోపలి ఆవిరి ఆ గొట్టంలోకి ఎక్కుతుంది. పొడి తడిసి గోడకి అట్టలు కడుతుంది, వారం తిరిగేలోపు గొట్టం మూసుకుపోతుంది. నా దగ్గరికి వచ్చే మెషిన్లలో 'పొడి పడట్లేదు' అనే ఫిర్యాదుకి చాలాసార్లు గ్రైండర్ తప్పేమీ ఉండదు, ఈ అట్టలే. చాలా కంపెనీ మెషిన్లలో సిలిండర్ పొడి తీసుకున్నాక వంగి లేదా జరిగి గొట్టానికి దూరంగా వెళ్తుంది. ఆ కదలికని మీరూ ఇప్పుడే డిజైన్లో పెట్టేయండి, తర్వాత ఇరికించడం చాలా కష్టం.

శ్రావ్య_మెక్
మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. 12 మి.మీ. స్క్రూ, థ్రస్ట్ బేరింగ్ పెట్టాను. 9 బార్ దగ్గర, మోటార్ ఆపేసి డయల్ గేజ్‌తో (సన్న కదలికని ముల్లుతో చూపే కొలపరికరం) కొలిస్తే కదలిక 3 మి.మీ. నుంచి 0.4కి తగ్గింది. ఆ 0.4 కూడా స్క్రూది కాదు. పైమూతని పట్టుకున్న అల్యూమినియం రేకు పైకి ఉబ్బుతోంది! పిస్టన్ని కిందికి నెట్టే 93 కిలోలే మూతని పైకి నెడుతున్నాయని నాకు ముందే తట్టలేదు. మందం పెంచుతున్నాను. డికాషన్ ఇప్పుడు చిక్కగా, నురగతో దిగుతోంది. ఇంట్లో అందరికీ తాగించాను.

గొట్టం సిలిండర్ మీదే ఉంది రిపేర్‌గారూ, అట్టలు అప్పుడే మొదలయ్యాయి. సిలిండర్ వంగేలా మళ్లీ గీస్తున్నాను. ఇంకో సమస్య, కప్పు అవగానే పిస్టన్ దించితే పిప్పి చిమ్మి చుట్టూ పడుతోంది.

గేర్‌బాక్స్_మావయ్య
పంపు ఆగినా గడ్డకి నీళ్లు వచ్చే వైపు ఒత్తిడి మిగిలే ఉంటుంది. నీళ్లు వచ్చే దారిలో త్రీ-వే సోలనాయిడ్ వాల్వ్ (మూడు దారులుండి కరెంటుతో పనిచేసే వాల్వ్) పెట్టి, ఆ ఒత్తిడిని కింది ట్రేలోకి వదిలేయండి. వాల్వ్ తెరిచాక రెండు మూడు సెకన్లు ఆగి అప్పుడు పిస్టన్ కదపండి. గడ్డ కూడా కాస్త ఆరి, విరగకుండా మొత్తంగా ఊడి వస్తుంది. రేకు మార్చాక మళ్లీ గేజ్ పెట్టి ఎంత వచ్చిందో రాయండమ్మా.